ఐసు చేప కాదు బాబూ

"ఐసు చేప కాదు బాబూ. రాత్రి వల్లో పడింది. మొప్ప ఇప్పి సూడు, నెత్తురు నాగ నేదూ?"

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారి ఆరు కాకముందే ఈ మాట కనీసం పది నోళ్ళలో వినబడుతుంది. ఆ ఆదివారం నాతో అన్నది నడివయసు దాటిన ఒక అమ్మ. ముందు నీలం పట్టా పరిచి, దాని మీద కానాగంతలు వాటాలుగా పోసి, చెంబులోంచి నీళ్ళు చిలకరిస్తూ కూర్చుంది. నాలుగడుగుల అవతల ఒకతను థర్మకోల్ పెట్టె మూత తెరిచి పెట్టుకున్నాడు. లోపల ఐసు ముక్కల్లో కూరుకుపోయి రెండు వంజరాలు, తోకలు మాత్రం పైకి కనబడుతూ. అతని దగ్గర జనం లేరు. ఆమె చుట్టూ మూగారు.

నేను రెండింటినీ చూసి ఐసు పెట్టె వైపు నడిచాను. వెనక నుంచి ఆమె వదల్లేదు. "ఏటి బాబూ, సచ్చి నాల్రోజులైందాన్ని కొంతావా?" చుట్టూ నవ్వులు. నీ చేప మాత్రం బతికుందా అమ్మా అన్నాను. ఆమె కూడా నవ్వింది కానీ ఒప్పుకోలేదు.

ఆమెదే కాదు, మన కోస్తా అంతటిదీ ఇదే అభిప్రాయం. పచ్చి చేప మంచిది, ఐసు చేప చెడ్డది. కైకలూరు, ఆకివీడు నుంచి లారీల్లో ఐసు కొట్టించుకుని వెళ్ళే మన శీలావతిని చూసి కోల్‌కతా బజారులో బెంగాలీలు మూతి విరుస్తారని మనకు కోపం. విశాఖలో మనం చేసే పని అదే. ఈ వ్యాసం ఐసు తరఫున వకాల్తా. ఆమె చెయ్యి, ఆమె ముక్కు చెప్పే సాక్ష్యాన్ని మాత్రం తోసిపుచ్చను. ఆ రెండూ ఏ ప్రయోగశాలకూ తీసిపోవు.

చేప ప్రాణం పోయిన నిమిషం నుంచి దాని ఒంట్లో ఒక గడియారం తిరగడం మొదలవుతుంది. మొదట చేప సొంత ఎంజైములు, ఆ తర్వాత బాక్టీరియా ఆ ముల్లును తిప్పుతాయి. ఎంత జోరుగా తిప్పుతాయన్నది వేడి మీద ఆధారపడి ఉంటుంది. చేపల నిల్వ మీద పనిచేసేవాళ్ళు వాడే ఒక సులువైన లెక్క ఉంది. చేప ఉన్న ఉష్ణోగ్రతను 10తో భాగించి, 1 కలిపి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. ఐసులో, అంటే 0 డిగ్రీల దగ్గర, జవాబు 1. ఇంట్లో ఫ్రిజ్ సాధారణంగా ఉండే 5 డిగ్రీల దగ్గర రెండుంపావు. 10 దగ్గర 4. మన తీరపు గాలి ఉండే 30 దగ్గర 16. చేప ఐసులో ఉన్నప్పటికంటే 16 రెట్లు వేగంగా పాడవుతుందని దాని అర్థం. పైగా ఈ లెక్క పుట్టింది చల్లటి దేశాల చేపల మీద. మన ఎండకు 16 అన్నది తక్కువ అంచనాయే.

ఇప్పుడు ఆ అమ్మ కానాగంతల సంగతి చూద్దాం. తెల్లవారి 3 గంటలకు పడ్డాయనుకుందాం. ఐసు తగలకుండా పడవలో, ఆటోలో, పట్టా మీద 9 గంటల దాకా ఉన్నాయి. 6 గంటలు, 16 రెట్లు, మొత్తం 96. ఐసు గడియారం ప్రకారం వాటి వయసు నాలుగు రోజులు. పట్టిన వెంటనే ఐసులో పాతేసిన వంజరం నిజంగానే నాలుగు రోజుల కిందటిదైతే, రెండూ తోటివయసువే. ఆమె నన్ను వెక్కిరించిన మాట లెక్క తప్పు కాదు, ఎవరికి వర్తిస్తుందన్నదే తేడా.

మన చేపకు ఒక వరం ఉంది. బంగాళాఖాతం పైనీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం 27 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటాయి. ఆ నీళ్ళలో పుట్టి పెరిగిన చేప ఒంటి మీది బాక్టీరియా కూడా ఆ వెచ్చదనానికే అలవాటు పడినవి. ఐసు తగలగానే వాటికి కాళ్ళూచేతులూ ఆడవు. నార్వే సముద్రపు చేప మీది బాక్టీరియాకు చలి కొత్త కాదు కనుక అవి ఐసులోనూ పని చేసుకుంటూ పోతాయి. అందుకే వెచ్చటి నీళ్ళ చేప ఐసులో ఎక్కువ రోజులు నిలుస్తుంది. బాగా ఐసు పట్టిన తెల్లకండ చేపలు రెండు వారాలు దాటి కూడా తినదగ్గవిగా ఉంటాయి. ఐసు వల్ల ఎక్కువ లాభపడాల్సిన మనమే దాన్ని ఎక్కువ తిట్టుకుంటున్నాం.

ఐసులో గొప్పతనం చల్లగా ఉండటం ఒక్కటే కాదు. అది కరగడంలో ఉంది. కిలో ఐసు కరిగి నీరు కావడానికి 80 కిలోకేలరీల వేడిని చుట్టూ ఉన్నదాని నుంచి లాక్కుంటుంది. 30 డిగ్రీల దగ్గరున్న కిలో చేపను సున్నాకు దించడానికి తీయాల్సిన వేడి సుమారు 24 కిలోకేలరీలు. కాగితం మీద పావుకిలో పైచిలుకు ఐసు సరిపోవాలి. కానీ పడవ గోడలూ గాలీ ఎండా కూడా తమ వాటా వేడిని తెచ్చి పోస్తూనే ఉంటాయి కనుక, మన దగ్గర కిలో చేపకు కిలో ఐసు వేయాలంటారు. కరిగిన నీళ్ళు చేప మీద జారుతూ జిగురునూ బాక్టీరియానూ కడిగేస్తాయి. ఆ నీళ్ళు పోవడానికి పెట్టె అడుగున చిల్లు ఉండాలి. చిల్లు లేని పెట్టెలో ఎర్రటి నీళ్ళలో తేలుతున్న చేపను చూస్తే, ఐసు ఉన్నా సరే, నేను కొనను.

ఐసు ఉన్నంత మాత్రాన చేప తాజా కాదని కూడా ఇక్కడే చెప్పాలి. హార్బర్‌లో దిగే పెద్ద బోట్లు పది పదిహేను రోజులు సముద్రంలో ఉండి వస్తాయి. మొదటి రోజు వల్లో పడిన చేపా, నిన్న పడిన చేపా ఒకే వేలంలోకి వస్తాయి. "ఇయ్యాళే దిగింది" అనే మాట నూటికి నూరుపాళ్ళు నిజం. దిగింది ఈ రోజే. పడింది ఎప్పుడన్నది వేరే ప్రశ్న. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. అప్పుడు కూడా బజారులో పెద్ద చేపలు కనబడుతుంటాయి. వాటిలో చాలావరకు పడమటి తీరం నుంచి వచ్చినవో, శీతల గిడ్డంగుల్లోంచి వచ్చినవో. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న కానీ మొదలు కాదు.

మరి పెట్టెలో చేప వయసు ఎలా తెలుస్తుంది? అమ్మేవాళ్ళ నోరు కాకుండా చేపనే అడగాలి.

చేపను తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తితే కర్రలా నిలబడిందంటే ఇంకా బిగుసుకునే ఉందన్నమాట. బతికున్నప్పుడు కండ సాగడానికీ ముడుచుకోవడానికీ ఏటీపీ అనే ఇంధనం కావాలి. ముడుచుకున్న కండ పోగులు విడివడాలన్నా అదే కావాలి. ప్రాణం పోయాక ఇంధనం అయిపోతుంది. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే ఉండిపోతాయి. కొన్ని గంటలకో, ఐసులో అయితే ఒకటి రెండు రోజులకో, ఎంజైములు ఆ పట్టును కొరికేస్తాయి. చేప మెత్తబడి తోక వాలుస్తుంది. ట్రాలు వల్లో గంటల తరబడి కొట్టుకుని చచ్చిన చేపలో ఇంధనం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది కనుక అది తొందరగా బిగుసుకుని తొందరగా వదులవుతుంది. గాలానికి పడి వెంటనే చచ్చిన చేప ఎక్కువసేపు గట్టిగా ఉంటుంది. గాలపు వంజరానికి నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పడంలో న్యాయం ఉంది.

ఆ ఏటీపీ ఖర్చయ్యాక ఏమవుతుందన్నది నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన ఘట్టం. అది మెట్లు మెట్లుగా విరుగుతూ ఐఎంపీ అనే పదార్థమవుతుంది. ఎండబెట్టిన చేపలోంచి దీన్ని పట్టుకుని, నోటికి తెలిసే ఆ కమ్మదనం దీనిదేనని 1913లో జపాన్ శాస్త్రవేత్త షింటారో కొడామా తేల్చాడు. ఐఎంపీ పోగుపడటానికి కొన్ని గంటలు పడుతుంది. వల్లోంచి తీసి నేరుగా దాకలో వేసిన చేప కంటే, ఐసులో ఒక పూట ఆగిన చేపకు రుచి ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. తర్వాత ఐఎంపీ కూడా విరిగి చివరకు హైపోజాంథీన్‌గా మిగులుతుంది. దానిది చిరుచేదు. పాత చేప కూరలో మసాలా ఎంత వేసినా నాలుక చివర ఏదో చప్పగా, చేదుగా తగులుతుందే, అందులో దీని పాత్ర ఉంది. ఈ మెట్లలో చేప ఎంత కిందికి దిగిందో కొలిచి తాజాదనానికి ఒక అంకె ఇచ్చే పద్ధతిని 1959లో జపాన్‌వాళ్ళే తెచ్చారు. పచ్చిచేప తినే దేశం కదా, వాళ్ళకు అంత పట్టింపు సహజం.

మొప్పలు ఎర్రగా ఉండటం రక్తంలోని హిమోగ్లోబిన్ వల్ల. గాలి తగులుతూ గంటలు గడిచేకొద్దీ అందులోని ఇనుము మారిపోయి రంగు గోధుమలోకి తిరుగుతుంది. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగా మెరుస్తూ ఉండాలి. పాతదైతే లోపలికి పోయి పాలు పోసినట్టవుతుంది. ఐసుకు అంటుకుని ఉన్న కన్ను కాస్త మసకబారుతుంది కనుక నేను కన్ను మీద తీర్పు చెప్పను, మొప్ప చూస్తాను. కవళ్ళు, నెత్తళ్ళ లాంటి చిన్న చేపలకు పొట్ట చూడాలి. కడుపు నిండా మేత తిని వల్లో పడితే, ఆ మేతను అరిగించే ఎంజైములు చచ్చాక పొట్ట గోడనే అరిగించేస్తాయి. పొట్ట పగిలి పేగులు బయటికి వచ్చిన కవళ్ళ వాటా సగం ధరకు ఇస్తానన్నా వద్దు.

ఇక ముక్కు. కొత్తగా పడిన చేపకు మనం అనుకునే నీచు వాసన ఉండదు. మొప్ప దగ్గర ముక్కు పెట్టి చూడండి, దోసకాయ కోసినట్టు పచ్చివాసన తగులుతుంది. అది అతిశయోక్తి కాదు. దోసకాయలో ఆ వాసన పుట్టించే రసాయనాల బంధువులే, చేప కొవ్వును దాని ఎంజైములు విరిచినప్పుడూ పుడతాయి. మరి నీచు ఎక్కడిది? సముద్రపు చేప చుట్టూ ఉప్పునీళ్ళు. ఒంట్లోని నీటిని ఆ ఉప్పు లాగేయకుండా చేప తన కణాల్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే వాసన లేని పదార్థాన్ని నింపుకుంటుంది. చచ్చాక బాక్టీరియా దాని నుంచి ఆక్సిజన్ ఊడలాగేస్తుంది. మిగిలిన ట్రైమిథైలమీనే నీచు. చెరువు చేపలకు ఉప్పుతో పోరాటం లేదు, ఆ పదార్థమూ పెద్దగా ఉండదు. బొచ్చెకూ శీలావతికీ పట్టే పీడ వేరు, బురద వాసన. అది జియోస్మిన్ అనే పదార్థానిది. తొలకరి పడ్డప్పుడు మట్టివాసన దీనిదే. నేల మీద అదే పరిమళం, చేపలో అదే కంపు. సొర, టేకు చేపల పద్ధతి ఇంకోటి. ఒంట్లో యూరియా నిలవ పెట్టుకుంటాయి. చచ్చాక అది అమోనియా అవుతుంది. అందుకే సొరను ముందు పసుపు, ఉప్పు వేసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, నలిపి సొరపుట్టు చేస్తారు. ఆ మొదటి ఉడుకు నీళ్ళతో యూరియా చాలావరకు పోతుంది.

ముక్కు పట్టుకోలేనిది ఒకటుంది. దాన్ని నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. మే నెలలో ఒకసారి కానాగంతలు కొని స్కూటర్ డిక్కీలో పెట్టి, దారిలో ఇంకో పని చూసుకుని, మూడు గంటల తర్వాత ఇంటికి చేరాను. వాసన బాగానే ఉంది. వేపుడు చేయించుకుని తిన్నాను. మొదటి ముద్దకే పెదవుల మీద మిరియాల ఘాటు లాంటి చురుకు తగిలింది. మా అమ్మ కారం ఎక్కువ వేసిందనుకున్నాను. అరగంటలో మొహం, మెడ కందగడ్డలా ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టయింది. డాక్టరు అలర్జీ మాత్ర ఇచ్చి, ఇది చేపల అలర్జీ కాదన్నాడు.

కానాగంత, సూర, కవళ్ళ వంటి ముదురు కండ చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. వెచ్చగా వదిలేస్తే కొన్ని బాక్టీరియాలు దాన్ని హిస్టమీన్ చేసేస్తాయి. మన ఒళ్ళు అలర్జీ వచ్చినప్పుడు విడుదల చేసుకునేదీ ఇదే. చేపలో ముందే తయారై ఉన్నదాన్ని మనం కూరతో పాటు తిన్నామన్నమాట. వేయించినా, ఉడికించినా, గడ్డకట్టించినా, ఎండబెట్టినా అది చావదు. బాక్టీరియా చస్తుంది, అది చేసిపెట్టింది మిగులుతుంది. అమ్మిన మనిషి తప్పేమీ లేదు. నా డిక్కీదే తప్పు. ఇప్పుడు బండికి ముందు పాత థర్మకోల్ పెట్టె కట్టుకుని వెళతాను. హార్బర్‌లో ఐసు దిమ్మలు పిండి చేసే యంత్రం దగ్గర ఇరవై రూపాయలిస్తే సంచి నింపుతారు.

ఇంతకీ ఆ కానాగంతకు శాస్త్రీయ నామం రాస్ట్రెలిగర్ కానగుర్త. ఆ రెండో మాట మనదే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈ విశాఖ తీరంలోనే 200 చేపలను పరిశీలించి, బొమ్మలు వేయించి, జాలర్లు పిలిచే పేర్లతోనే 1803లో పుస్తకం అచ్చువేయించాడు. ఫ్రాన్స్‌లో క్యువియర్ ఆ పేరు తీసుకుని 1816లో చేపకు స్థిరం చేశాడు. ఆఫ్రికా తీరం నుంచి ఇండోనేషియా దాకా ఈ చేపను ఏ శాస్త్రవేత్త రాసుకున్నా విశాఖ జాలరి మాటే రాసుకోవాలి.

రొయ్యల దగ్గర జనం భయపడేది నల్లమచ్చను చూసి. తల దగ్గర, కాళ్ళ మొదట్లో నలుపు తిరగడం కుళ్ళు కాదు. కోసిన వంకాయ నల్లబడటమూ ఇదీ ఒక జాతి చర్యలే. ఎంజైము, గాలి కలిసి రంగు పుట్టిస్తాయి. తినేవాళ్ళకు హాని లేదు, కానీ రొయ్యకు ఐసు ఆలస్యంగా పట్టిందనడానికి గుర్తు. అసలు చూడాల్సింది తల మొండేన్ని గట్టిగా పట్టుకుని ఉందా లేదా అని. రొయ్య జీర్ణగ్రంథి తలలోనే ఉంటుంది. చచ్చాక ఆ ఎంజైములు మెడ దగ్గరి కండను పిండి చేస్తాయి. ఇంటికి రాగానే తలలు తీసేసి ఐసులో పెడితే రొయ్య గట్టిగా ఉంటుంది. తలలు పారేయకండి, చారుకు పనికొస్తాయి.

వేడి తగలగానే బూడిదరంగు రొయ్య ఎర్రబడటం పిల్లలకు చూపించదగ్గ వేడుక. ఆ ఎరుపు ముందు నుంచీ ఉంది. ఆస్టాజాంథిన్ అనే రంగును క్రస్టాసయనిన్ అనే ప్రోటీను బిగించి పట్టుకుని నీలిబూడిద చేసింది. మూకుడు వేడికి ప్రోటీను పట్టు సడలి అసలు రంగు బయటపడుతుంది. రంగు పూర్తిగా మారి, రొయ్య వంపు తిరిగిందంటే దింపేయాలి. ఇంకో ఐదు నిమిషాలుంచితే రబ్బరు. మన ఇళ్ళలో రొయ్యల ఇగురు చాలాసార్లు రబ్బరే అవుతుందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఉల్లిపాయ, మసాలా ముందు మగ్గించుకుని రొయ్య చివర వేస్తే సరిపోయేదానికి, మొదటి నుంచి కలిపి ఉడికిస్తాం.

సముద్రపు రొయ్యకూ చెరువు వెనామీకీ రుచిలో తేడా ఉందనేది కేవలం ముసలివాళ్ళ గొణుగుడు కాదు. ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో రొయ్య తన కండలో గ్లైసీన్ వంటి తీపి అమైనో ఆమ్లాలను ఎక్కువ నింపుకుంటుంది. ఉప్పు తగ్గిన చెరువులో ఆ అవసరం తగ్గుతుంది. పైగా సముద్రపు నాచునూ పురుగులనూ మేయడం వల్ల బ్రోమోఫీనాళ్ళు అనే పదార్థాలు చేరి ఆ 'సముద్రపు' వాసన వస్తుంది. బస్తాల మేత తినే రొయ్యకు అది తక్కువ. అయితే వెనామీ చెరువు గట్టు మీదే ఐసునీళ్ళలో పడుతుంది. తాజాదనంలో చాలాసార్లు దానిదే పైచెయ్యి.

పీత మాత్రం బతికుండగానే కొనాలి. చచ్చాక దాని ఎంజైములకు ఆగే ఓపిక లేదు. ఒకే సైజు పీతలు రెండు చేతుల్లో పట్టుకుని బరువైనదాన్ని ఎంచుకోండి. కొత్తగా గుల్ల విడిచిన పీత నీళ్ళు తాగి ఒళ్ళు పెంచుకుంటుంది, కండ ఇంకా పట్టదు. ఇంటికి తెచ్చి ఉడికిస్తే సగం ఖాళీ.

వంటింట్లోకి వస్తే, చింతపండు గురించి చెప్పకుండా చేపల రసాయనం పూర్తి కాదు. ట్రైమిథైలమీన్ క్షారం. ఆవిరై ముక్కుకు చేరితేనే అది కంపు. పులుపు తగిలితే లవణంగా మారిపోయి కూరలోనే కూర్చుంటుంది, గాల్లోకి లేవదు. జియోస్మిన్ కూడా ఆమ్లం తగిలితే విరిగి వాసన లేనిదైపోతుంది. సముద్రపు చేపకూ చెరువు చేపకూ వేర్వేరు జబ్బులు, మందు ఒకటే. తీరం వెంబడి ఎక్కడికి వెళ్ళినా పులుపు మారుతుంది కానీ పులుపు ఉంటుంది. కొంకణంలో కోకం, కేరళలో కుడంపులి, మనకు చింతపండు. అది పాతబడితే చింతచిగురు, అదీ దొరక్కపోతే గోంగూర, వేసవి తొలినాళ్ళలో పుల్లమామిడి. నెత్తళ్ళు మామిడికాయ తిన్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. ముక్కలను కడిగేటప్పుడు కళ్ళుప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పది నిమిషాలుంచి మళ్ళీ కడిగే అలవాటులోనూ ఇదే పని. ఉప్పు జిగురును వదిలిస్తుంది, పులుపు వాసనను కట్టిపడేస్తుంది.

మా అమ్మ చేపల పులుసులో గరిట పెట్టనివ్వదు. దాకను రెండు గుడ్డలతో అంచులు పట్టుకుని, సగం చుట్టు ఇటూ సగం చుట్టు అటూ తిప్పుతుంది. చిన్నప్పుడు అదో ఆచారమనుకున్నాను. ఉడికిన వంజరం ముక్కను విరిచి చూడండి, పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా విడుతుంది. చేప కండ పొట్టి పోగుల దొంతర. దొంతరకూ దొంతరకూ మధ్య కొలాజెన్ పొర జిగురులా అంటిపెట్టుకుని ఉంటుంది. మేక మాంసంలో ఆ కొలాజెన్ మెత్తబడాలంటే గంటలు ఉడకాలి. చేపలో 50 డిగ్రీలు దాటితే చాలు, కరగడం మొదలెడుతుంది. పులుసు తెర్లే వేళకు ముక్కను కలిపి ఉంచే జిగురు లేదు. అప్పుడు గరిట పెడితే చేపల పులుసు కాదు, చేపల పప్పు.

కరిగిన ఆ కొలాజెన్ ఎటూ పోదు. జెలటిన్‌గా పులుసులోకి దిగి దాన్ని చిక్కబరుస్తుంది. తలకాయ, తోక వేసిన పులుసు తెల్లారి ఫ్రిజ్‌లోంచి తీస్తే గడ్డకట్టి కనబడేది అదే. మర్నాటి పులుసు రుచి వెనక దీనితో పాటు ఇంకోటి ఉంది. ఉప్పూ పులుపూ ముక్క లోపలికి పాకడం చాలా నెమ్మది వ్యవహారం. ముక్క రెండింతలు మందమైతే పట్టే సమయం రెండింతలు కాదు, నాలుగింతలు. పొయ్యి మీది ఇరవై నిమిషాల్లో పులుసు రుచి ముక్క అంచుల దగ్గరే ఆగిపోతుంది. మధ్యకు చేరడానికి రాత్రంతా కావాలి. పులస వండేవాళ్ళు సన్నసెగ మీద వండి మర్నాటికి దాచుకునేదీ ఇందుకే.

పులస పేరెత్తాక గోదావరివాళ్ళకు నాలుగు మాటలైనా చెప్పకపోతే ఊరుకోరు. సముద్రంలో ఉండగా విలస, వరద గోదావరికి ఎదురీదితే పులస, చేప ఒక్కటే. గుడ్లు పెట్టడానికి తియ్యనీళ్ళలోకి వస్తుంది. ప్రవాహానికి ఎదురు ఈదడానికి కావాల్సిన ఇంధనాన్ని కొవ్వుగా ముందే ఒంట్లో కూడబెట్టుకుంటుంది. ఆ కొవ్వుదే రుచి. సన్నముళ్ళు లెక్కలేనన్ని. చింతపండు పులుసులో ఎక్కువసేపు మగ్గితే అవి కాస్త మెత్తబడతాయి. బెండకాయలు వేసి, దింపేముందు వెన్న, ఆవకాయ తేట వేసిన పులస ముందు నేను తలవంచుతాను. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, అంత ఉందా అంటే, ఆ డబ్బులో పదోవంతుకు పొట్ట నిండా కొవ్వున్న నూనె కవళ్ళు వస్తాయి. ఒంటికి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు వాటిలోనూ దండిగా ఉన్నాయి. ఈ మాట రాజమండ్రిలో అని ఒకసారి భోజనం మధ్యలో లేచి రావాల్సినంత పనైంది.

తాజా చేప ఇంటికి తెచ్చుకున్నాక చాలామంది చేసే తప్పు, కవరుతో సహా ఫ్రిజ్‌లోకి తోసేయడం. ఐదు డిగ్రీల ఫ్రిజ్‌లో చేప ఐసులో కంటే రెండింతలకు మించిన వేగంతో పాతబడుతుందని పైన లెక్క చూశాం. పేగులు, మొప్పలు తీయించి, ముక్కలను జల్లెడ గిన్నెలో ఐసు మీద పరిచి, కింద నీళ్ళు దిగడానికి ఇంకో గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండో రోజు కూడా పులుసు బాగుంటుంది. ఫార్మలిన్ భయం ఉన్నవాళ్ళకు ఇంకో కబురు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు చేప మీద రుద్ది రంగు చూసే కాగితపు పట్టీలు తయారు చేశారు. ఒకటి ఫార్మలిన్‌కు, ఒకటి అమోనియాకు. నిమిషాల్లో తేలిపోతుంది. పట్టీ లేనప్పుడు ఈగ చూడండి అంటారు హార్బర్‌లో. ఈగ వాలని చేపను అనుమానించాలట. ఐసులో పాతిన చేప మీదా ఈగ వాలదు, ఆ పరీక్షను నేను నమ్మను.

ఆ ఆదివారం వంజరం ఇంటికి చేరింది. కత్తిపీట ముందు కూర్చున్న మనిషి తోక వైపు ముక్కలు వేపుడుకని సన్నగా, నడుం ముక్కలు పులుసుకని మందంగా కొట్టాడు. తలకాయ రెండు చెక్కలు చేశాడు. ఒక చెక్క మొప్పలు అమ్మ వేలితో విప్పి చూసి ఏమీ అనలేదు. అనలేదంటే బాగుందని. మధ్యాహ్నం వేపుడు తిన్నాం. పులుసు దాక మూతపెట్టి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టాం.

సోమవారం పొద్దున్నే అమ్మ చద్దన్నంలో ఆ పులుసు వేసుకుంది. నడుం ముక్క మధ్యలో విరిచి నాకు చూపించింది. నిన్న తెల్లగా ఉన్న కండ లోపలి దాకా లేత గోధుమరంగు తిరిగింది. "పట్టింది" అంది. తర్వాత, "ఇది ఐసు చేపేనా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా తలకాయ చెక్క తన కంచంలోకి వేసుకుంది.